అరికాలి ఎరుపు

పాప కాలి నుంచి వైరు తీసెయ్యగానే తెరమీద ఎగుడుదిగుడుగా పాకుతున్న పచ్చగీత కాస్తా సాఫుగా పడుకుంది. మానిటరు కీచుమంది. తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి, స్టూలు మీద కూర్చున్న తల్లి ఒక్కసారే ముందుకు ఉరికారు.

"వైరు తీశాను, అంతే. పిల్లకేం కాలేదు," అంది పెద్ద సిస్టర్, మీట నొక్కి దాని నోరు మూయిస్తూ. "ఇంటికెళ్తున్నారు కదా, ఇంక దీంతో మీకు పనేంటి?"

ఇంటికి వెళ్ళడం సంతోషమే, కాదనడానికి లేదు. కానీ ఈ రెండు నెలలూ ఆ ఇద్దరూ పిల్ల మొహం కన్నా ఆ గీతనే ఎక్కువ చూశారు. గీత ఎగిరితే వీళ్ళ ప్రాణం లేచొచ్చేది, కుంగితే కుంగేది. ఇప్పుడా తెర నల్లబడిపోయింది. పిల్ల మాత్రం మిగిలింది.

తండ్రిది ఇస్త్రీ పని. పెద్ద లాండ్రీలో చొక్కాల బల్ల అతనిది. అక్కడ అందరూ అతన్ని నలగడు అంటారు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా చొక్కా నలుగుతుందని నిలబడే మనిషి మరి. అలాంటివాడు ఆస్పత్రి వరండాలో బెంచీ మీదా గోడవారా పడుకుని పడుకుని, కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళే రోజున కూడా మూటలోంచి లాగినట్టున్న చొక్కాతో నిలబడ్డాడు. పేరు మాత్రం పోలేదు.

పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. నా అరచేయంత ఉందని అందరికీ చెప్పేవాడు కానీ, అరచేతిలో పెట్టుకుని చూసింది లేదు. తండ్రులు అద్దం అవతలే. తల్లి లోపలికి వెళ్ళి, మోచేతుల దాకా కడుక్కుని, గాజుపెట్టె పక్కన కూర్చునేది. పెట్టె గది మూలన ఉండేది కాబట్టి పిల్లకి 'మూలపెట్టె పాప' అని పేరు పడింది. ఇంకో పేరు పెట్టడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

ఆ గదిలో నేర్చుకున్న విద్య ఒకటుంది. అంత చిన్నపిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరచిపోతారు. మరచిపోవడమే, ఇంకో మాట లేదు. మానిటరు కీచుమంటుంది. పెద్ద సిస్టర్ చేస్తున్న పని ఆపి, పరుగెత్తకుండా వచ్చి, పెట్టెకున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టి, పిల్ల అరికాలి మీద వేలితో టక్కున మీటుతుంది. పిల్ల ఉలిక్కిపడి, మొహం చిట్లించి, ఊపిరి అందుకుంటుంది. సిస్టర్ వెళ్ళి తన పని తాను చూసుకుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నలగడికి ఒళ్ళు మండింది. గుప్పెడు పిల్ల ఏం తప్పు చేసిందని కొడుతోంది అనుకున్నాడు. ఆ దెబ్బే తన కూతురికి ప్రాణమని తర్వాత తెలిసింది. సిస్టర్ చేతులు ఖాళీ లేనప్పుడు తల్లే మీటేది. ఎంత గట్టిగా మీటాలో సిస్టర్ ఆమె చేతి మీద చేసి చూపించింది. నలగడికి ఎవరూ చూపించలేదు. అద్దంలోంచి చూసి నేర్చుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి పిల్ల గుండె విని, "బాగుంది. ఊపిరి మరచే వయసు దాటేసింది. బాగా పాలు పట్టించు. వారం తర్వాత తీసుకురండి. బరువు పెరక్కపోతే మాత్రం మళ్ళీ చేర్చుకోవాల్సి వస్తుంది," అంది.

"నిద్రలో మళ్ళీ ఆగితే అండీ..." అని తల్లి మొదలుపెట్టింది.

"ఏం కాదమ్మా," అనేసింది డాక్టరమ్మ. అప్పటికే ఆమె చెయ్యి పక్క పెట్టె మూత మీద ఉంది. తలుపు బయట ఎవరి పిల్లనో చక్రాల తొట్టిలో తెచ్చి ఈ మూల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు. ఎంతసేపు ఆగితే మరచిపోయినట్టు, ఎంతసేపు ఆగితే మామూలు అన్న ప్రశ్న తల్లి నాలుక చివరే ఉండిపోయింది. నిలబడ్డ డాక్టరునైతే అడగొచ్చు. నడుస్తున్న డాక్టరుని ఏమడుగుతాం?

కారు మాట్లాడుకుని ఎక్కారు. ప్రతి గతుకు ముందూ నలగడు "మెల్లిగా అన్నా, మెల్లిగా" అంటూనే ఉన్నాడు. "ఇంతకన్నా మెల్లిగా అంటే దిగి తొయ్యాలి తమ్ముడూ," అన్నాడు డ్రైవరు. అన్నాడే కానీ ఇంకా మెల్లిగా నడిపాడు. వెనకసీట్లో తల్లి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది.

"తీస్తోందా?"

"తీస్తోంది... ఉండండి. ఆగింది."

దుప్పటి మడత తప్పించి అరికాలి మీద మీటింది. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. ఇద్దరూ హమ్మయ్య అనుకుని వెనక్కి వాలారు. ఈ సంసారంలో తప్పు సరిగ్గా అక్కడ మొదలైంది, అప్పుడది తప్పులా కనిపించలేదు.

*

ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో నలగడి తల్లి, వెనక గదిలో వీళ్ళు. ముసలావిడ తలుపు దగ్గరే చేతులు చాచి నిలబడింది.

"ఇంతేనా? ఇది పిల్లా, పిట్టా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అత్తయ్యా, చేతులు," అంది కోడలు.

"ఇప్పుడే కడిగానమ్మా."

"సబ్బుతో."

"నలుగుర్ని పెంచాను ఈ చేతులతో. ఇవాళ మురికివైపోయాయి," అని గొణుగుతూనే వెళ్ళి సబ్బుతో కడుక్కొచ్చింది.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ కీచుళ్ళతో చెవులు తూట్లు పడుతున్నాయని విసుక్కునేవారు. ఇంటికొచ్చాక ఆ కీచుళ్ళు లేక పిచ్చెక్కింది. మిషను ఉంటే అదే చెప్పేది, పిల్ల బతికుందని. ఇప్పుడు ఎవరు చెబుతారు? కళ్ళు పొడుచుకుని చూడాల్సిందే. పిల్ల గబగబా కాసిని ఊపిర్లు తీసుకుంటుంది, ఆగుతుంది. రొమ్ము లేవదు. చూసేవాళ్ళ ఊపిరి కూడా ఆగిపోతుంది. మళ్ళీ తీసుకునేదాకా ఆగడానికి ఎవరికి గుండె చాలుతుంది? తల్లి చెయ్యి తనంతట తనే దుప్పటి కిందికి వెళ్ళేది. టక్. పిల్ల ఉలికిపాటు. ఏడుపు. జోకొట్టడం. కళ్ళు మూయడం. మళ్ళీ మొదటికి.

ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు కాపలా నలగడిది. కూర్చున్నచోటే ఆమె తల వాలిపోయినప్పుడూ అతనిదే. అప్పుడు అతను మీటేవాడు. ఆ సంగతి భార్యకి చెప్పలేదు. చెబితే, నేను లేనప్పుడు కూడా ఆగుతోందా అని ఆ కాస్త కునుకూ మానేస్తుంది. ఆమె రోజంతా ఎన్నిసార్లు మీటుతోందో అతనికి చెప్పేది కాదు. ఎందుకు చెప్పలేదో అతనికి తర్వాత తెలిసింది. చెబితే బల్ల దగ్గర ఇదే ఆలోచిస్తూ చెయ్యి కాల్చుకుంటాడనట. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేక వచ్చిన చిక్కు కాదు ఇది.

మొదట్లో పిల్ల పాలు బాగానే తాగింది. తర్వాత తర్వాత నోట్లో పెట్టుకుని రెండు గుక్కలు తాగేసరికే కళ్ళు మూతలు పడిపోయేవి. దవడ కదిపినా, చెంప నిమిరినా లేచేది కాదు. లేవకపోతే ఉన్న మందే, అరికాలు. లేచి ఏడ్చేది కానీ తాగేది కాదు.

"పాలు చాలడం లేదేమో అమ్మాయ్," అంది అత్తగారు ఓ పొద్దున, బియ్యం కడుగుతూ, అదేదో బియ్యానికి చెబుతున్నట్టు. మర్నాడు 'ఏమో' తీసేసి అంది. ఆ తర్వాత పక్కింటావిడతో అంది, గోడ ఇవతలికి వినబడేలా. కోడలు ఆకలి లేకపోయినా కంచంలో ఇంకో ముద్ద పెట్టించుకుని, మింగలేక మింగలేక మింగింది. నలగడు అదంతా విన్నాడు. పాల సంగతి ఆడవాళ్ళది, మధ్యలో నేనెందుకు అనుకుని చెప్పులేసుకుని పనికి వెళ్ళిపోయాడు. మగవాళ్ళకి చెప్పులు అలాంటప్పుడు బాగా అందుబాటులో ఉంటాయి.

లాండ్రీలో ఆవిరి, వేడి. చొక్కాని బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, ముందు కాలరు, తర్వాత భుజాలు, కఫ్‌లు, చేతులు, చివరికి వీపు. ఇరవై ఏళ్ళుగా అదే వరస. ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూడటానికి పక్కబల్లవాళ్ళు తడిగుడ్డ తాకిస్తారు. నలగడు తడివేలే తాకిస్తాడు. చుయ్యిమన్న చప్పుడుని బట్టి నూలుకా పట్టుకా అని చెప్పేస్తాడు. కొత్తవాళ్ళు అది చూసి నోరు తెరుస్తారు. అతనికి అందులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆ రోజు తెల్లచొక్కా వీపు మీద పెట్టె ఆనించి, కళ్ళు మూసి తెరిచాడు. ఎంతసేపు మూశాడో తెలియదు. కమురువాసనకి పక్కబల్లతను అరిచాడు. చొక్కా మీద గోధుమరంగు ముద్ర, ఇస్త్రీపెట్టె ఆకారంలో.

యజమాని వచ్చి చొక్కా ఎత్తి వెలుతురులో చూశాడు. "నలగడూ, దీనికన్నా నలిగినా బాగుండేది కదయ్యా," అన్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు కానీ, ఎదుటివాడి కళ్ళు చూశాక అది రాలేదు. "ఇంటికెళ్ళి పడుకో."

"ఇంటికెళ్తే పడుకోవడం ఉండదండీ. ఇక్కడే ఉంటాను," అన్నాడు నలగడు, ఇంకో చొక్కా అందుకుంటూ.

*

వారం తిరిగింది. వంటకి ముసలావిడని ఇంట్లో ఉంచి ఇద్దరూ పిల్లని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళారు. పెద్ద సిస్టర్ పిల్ల గుడ్డలు విప్పి, తూకపు తొట్టిలో పడుకోబెట్టి, అంకె చూసింది. పిల్లని ఎత్తి, మిషను సరిచేసి, మళ్ళీ పడుకోబెట్టింది. రెండోసారి తూచడం మంచిది కాదని నలగడికి చెప్పకుండానే తెలిసింది.

ఇంటికి వెళ్ళిన రోజు కన్నా తగ్గింది.

"ఏమ్మా, ఇక్కడున్నప్పుడు బాగానే పెరిగింది కదా. ఇంటికెళ్ళాక ఏం చేస్తున్నావు?" అంది డాక్టరమ్మ. "పాలు సరిగ్గా పట్టించడం లేదా?"

"పట్టిస్తున్నానండీ. రెండు గుక్కలు తాగి నిద్రపోతోంది."

"నిద్రపోతే లేపాలి."

"లేపుతూనే ఉన్నానండీ."

"అయితే పాలు చాలడం లేదు. చేర్చుకుందాం. కొన్నాళ్ళు ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పట్టిద్దాం. సిస్టర్, సాయంత్రానికి ఆ మూలది ఖాళీ అవుతుందా?"

మూల అన్న మాట వినగానే తల్లి చెయ్యి దుప్పటి అంచుని పట్టుకుంది. మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నావల్ల ఏం తప్పు జరిగిందని అడగలేదు. అంత ఓపిక ఉన్నట్టు కనిపించలేదు. భర్త ఏమన్నా అంటాడేమోనని ఒక్కసారి అతనివైపు చూసింది. నలగడు గోడ మీది బొమ్మ చూస్తున్నాడు. ఇంట్లో అమ్మ అన్నప్పుడు ఊరుకున్నట్టే ఇక్కడా ఊరుకున్నాడు. ఊరుకోవడం ఒకసారి అలవాటైతే చొక్కా వేసుకున్నంత తేలిక.

వైరు పెట్టడానికి సిస్టర్ పిల్ల మేజోడు తీసింది. తీసి, ఆగింది. రెండోది కూడా తీసింది. రెండు పాదాలూ పట్టుకుని దీపం వైపు తిప్పింది.

"ఇదేంటి?"

అరికాళ్ళు కందిపోయి ఉన్నాయి. వేళ్ళ కింద ఎర్రగా, మడమ దగ్గర కమిలి కాస్త నీలంగా.

"సూదులు గుచ్చినవి ఎప్పుడో మానిపోయాయి. ఇవి కొత్తవి. ఎవరు మీటుతున్నారు?"

"నేనే సిస్టర్," అంది తల్లి. "ఊపిరి ఆగినప్పుడు."

"ఎన్నిసార్లు ఆగింది?"

"నిద్రపోయినప్పుడల్లా ఆగుతుంది కదా. ఆగినప్పుడల్లా..."

డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలోంచి తీసి చేతిలో పట్టుకుంది. ఇప్పుడు కూడా నోరు మూసుకుని ఉండొచ్చు. ఆమె ఒప్పేసుకుంది, అక్కడికి సరిపోతుంది. నలగడికి ఆ ఆలోచన వచ్చింది కూడా. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను కూడా," అన్నాడు.

భార్య వెనక్కి తిరిగింది. "మీరా? ఎప్పుడు?"

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. నీకు కునుకు పట్టినప్పుడు."

"కునుకు తీసేముందు నేను మీటే పడుకునేదాన్ని కదండీ."

ఒకే ఇంటికి రెండు వైపులనుంచి కన్నం వేసి లోపల ఎదురుపడ్డ దొంగల్లా ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"ఏదీ, ఎలా మీటారో నా చేతి మీద చూపించండి," అంది సిస్టర్, మణికట్టు చాచి. తల్లి మీటింది. "ఇది మేం నేర్పిందే. మీరు?"

నలగడు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, ఎంత మెల్లిగా వీలైతే అంత మెల్లిగా మీటాడు. సిస్టర్ చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళిపోయింది. పెద్దమనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఆస్పత్రిలో ఉన్న మనిషి, అబ్బా అంది. మణికట్టు మీద చిన్న ఎర్రటి బిళ్ళ తేలింది.

"ఇది మెల్లిగానా?"

"మెల్లిగానే అండీ. మెల్లిగానే చేశాను."

సిస్టర్ అతని చెయ్యి అందుకుని వేలి చివర తడిమింది. తోలు నున్నగా, గట్టిగా, కాలిన పెచ్చులా ఉంది. దాని మీద తన గోరు దించి నొక్కింది. "తెలుస్తోందా?"

"ఏంటండీ?" అన్నాడు అతను. అప్పుడు కిందికి చూశాడు. గోరు సగం దిగి ఉంది.

కొత్తవాళ్ళు నోరు తెరిచి చూసిన వేలు అది. పిల్ల పాదం ఆ వేలికన్నా కాస్తే పెద్దది. నలగడు చెయ్యి వెనక్కి తీసుకుని రెండో చేతితో మూసేశాడు. ఏడుద్దామంటే కూడా ఓపిక లేకపోయింది.

"అరగంట కూడా నిద్రపోనివ్వకపోతే పాలు చప్పరించే ఓపిక పిల్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది డాక్టరమ్మ. గొంతులో ఇందాకటి పదును లేదు. అలా అని నేనే తొందరపడ్డానని కూడా అనలేదు. "మూడు రోజులు చూద్దాం. ఇవాళ చేర్చుకోను."

సిస్టర్ పిల్లకి మేజోళ్ళు తొడుగుతూ చెప్పింది. "ఈ పిల్లల ఊపిరి అంతే. గబగబా తీసుకుని కాసేపు ఆగుతారు, మళ్ళీ వాళ్ళే తీసుకుంటారు. పెదాలు చూడండి. ఎర్రగా ఉన్నంతసేపు చెయ్యి వెయ్యొద్దు. రంగు మారినా, మారినట్టు అనుమానమొచ్చినా వెంటనే తీసుకురండి, ఎవరూ ఏమీ అనరు. పెదాలే చూడండి, పాదాలు కాదు."

"ఈ మాట ఆ రోజే చెప్పుంటే..." అంది తల్లి.

సిస్టర్ మేజోడు అంచు సరిచేసి, "చెప్పాల్సింది," అంది.

తలుపు దాకా వెళ్ళిన తల్లి వెనక్కి వచ్చింది. "డాక్టరుగారూ, పాలు చాలక కాదు కదండీ?"

"కాదులేమ్మా," అంది డాక్టరమ్మ, ఈసారి నిలబడి.

*

"ఏమన్నారు? డబ్బాపాలు పొయ్యమన్నారా?" అంది ముసలావిడ, వీళ్ళు గుమ్మంలో ఉండగానే.

"పాలు బాగానే ఉన్నాయట అమ్మా. ఇంక ఆ మాట అనకు, పక్కింటావిడతో కూడా," అన్నాడు నలగడు. "మేమే దాన్ని నిద్రపోనివ్వలేదు. ఇద్దరం పోటీపడి కాలు మీద మీటి మీటి లేపేశాం."

ముసలావిడ గరిటె గిన్నెలో తిప్పుతూ ఉండిపోయింది. తిప్పాల్సిన దానికన్నా ఎక్కువసేపే తిప్పింది.

"పొద్దున్నపూట మీ ఇద్దరికీ ఒళ్ళు తెలిసేది కాదు," అంది చివరికి. "నాకు భయమేసి, నేనూ ఒకట్రెండుసార్లు..."

"నువ్వు కూడానా?"

"ఇంట్లో ఇద్దరూ చేస్తుంటే చూసి, అదేదో పద్ధతి కాబోలనుకున్నాన్రా."

కోడలు నవ్వింది. ఇంటికొచ్చాక అదే మొదటిసారి నవ్వడం. నవ్వుతూ నవ్వుతూ గోడకి చేరబడి ఏడ్చింది. ముసలావిడ గరిటె వదిలేసి వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక, కోడలి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. "చేతులు కడుక్కునే ఉన్నానమ్మా," అంది.

మధ్యాహ్నం వెనక గదిలో పిల్లని పక్క మీద వేశారు. తల్లి ఆ పక్కనే నడుం వాల్చింది, పిల్లవైపు తిరిగి. నలగడు లాండ్రీకి వెళ్ళలేదు. నేల మీద కూర్చున్నాడు.

"చూస్తూ ఉండండి," అంది ఆమె.

"ఊఁ."

"చెయ్యి వెయ్యకూడదు."

"వెయ్యను."

తన మీద తనకి నమ్మకం లేక రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. పిల్ల నిద్రపోయింది. గబగబా ఊపిర్లు తీసుకుంది, రొమ్ము పిచ్చుక గుండెలా కొట్టుకుంది. ఆగింది.

అతని చేతులు బరువు కింద గింజుకున్నాయి. పెదాలు చూశాడు. ఎర్రగానే ఉన్నాయా? ఎర్రగానే ఉన్నట్టున్నాయి. కిటికీ వెలుతురు పిల్ల మొహం మీదికి రావడం లేదు. ఇంకా తియ్యదేం? ఇప్పుడు మీటకపోతే, ఏదన్నా అయితే, జన్మంతా ఈ చేతుల్ని ఏం చేసుకోవాలి? తలెత్తితే భార్య కళ్ళు కనిపించాయి. నిద్రపోలేదు. బాగా తెరుచుకుని, అవే పెదాల్ని చూస్తున్నాయి. ఆమె చెయ్యి దిండు అంచుని పట్టుకుని ఉంది. ఇద్దరిలో ఎవరు ముందు కదిలినా రెండోవాళ్ళు ఆపి ఉండేవాళ్ళు కాదు. ఎవరూ కదల్లేదు.

పిల్ల ఊపిరి తీసుకుంది. చిన్నది, తర్వాత పెద్దది, తర్వాత మామూలుగా, మధ్యలో ఏమీ జరగనట్టు.

అలా మళ్ళీ ఆగింది, మళ్ళీ తీసుకుంది. ఇంకోసారి కూడా. ఆ తర్వాత ఆమె దిండు వదిలేసింది. మెల్లగా అటు తిరిగి గోడవైపు పడుకుంది. పిల్ల పుట్టినప్పటినుంచి ఆమె దానికి వీపు పెట్టి పడుకోవడం నలగడు చూడలేదు. కాసేపటికి గురక వినిపించింది.

అతను చూస్తూనే ఉన్నాడు. తొడల కింద చేతులు తిమ్మిరెక్కాయి, అయినా తియ్యలేదు. ముందుగదిలో ముసలావిడ గిన్నె కింద పెట్టిన చప్పుడైంది, తర్వాత 'అయ్యో' అన్న గుసగుస. కిటికీ వెలుతురు గోడ ఎక్కింది. పిల్ల నిద్రలో మూతి బిగించింది, వదిలేసింది. మళ్ళీ బిగించింది. పిడికిళ్ళు మొహం మీదికి తెచ్చుకుంది. మొహమంతా ఎర్రబడింది. నోరు తెరిచి, ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ వినని గొంతుతో, కోపంగా ఏడుపు అందుకుంది.

భార్య అదిరిపడి లేచింది. జుట్టు మొహం మీద పడింది. పిల్లని చూసి, అతన్ని చూసింది.

"మళ్ళీ మీటారా?"

"లేదు. చేతులు చూడు," అన్నాడు నలగడు. వాటిని బయటికి లాగబోతే మొద్దుబారి రాలేదు.

"మరి ఎవరు లేపారు? అత్తయ్యా?"

"ఎవరూ లేపలేదు," అన్నాడు. "ఆకలేసి అదే లేచింది."